శరత్కాలపు చిన్నబొంత

రాతిపై చెక్కిన శాసనము వేయేండ్లు నిలుచును. తాటియాకుపై వ్రాసిన గ్రంథము చెదలు పట్టనిచో రెండు మూడు వందల యేండ్లు నిలుచును. ఇంటిలో కుట్టిన బొంత ఇరువదియేండ్లు నిలిచినచో గట్టిదే యనవలయును. అందుచేతనే కాబోలు మన చరిత్రకారులు శాసనములను చదివిరి, తాళపత్రములను చదివిరి, బొంతజోలికి పోలేదు. చదువుటకు అందేమున్నదని అడుగువారును కలరు. ఒక కుటుంబమువారు పది పదునైదేండ్లపాటు కట్టి విడిచిన బట్టలన్నియు ఒక్కచోట పొరలు పొరలుగా చేరియుండు వస్తువు ఇంటిలో మరియొకటి యున్నదేమో వెదకి చూడుడు. దస్తావేజుల పెట్టెలో భూమిచరిత్ర యుండును, జాతకముల కట్టలో పుట్టుకల చరిత్ర యుండును. ఆ ఇంటి ఆడవారి చేతిపని చరిత్ర మాత్రము బొంతలోనే యున్నది.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమేదైన వ్రాయుమని కార్యవర్గమువారు కోరినప్పుడు, చెరువుల చరిత్ర, కోవెల చరిత్ర వ్రాయుటకు నాకంటె తగినవారున్నారని తలచి, నేను చిన్నబొంతను ఎంచుకొంటిని. చిన్నబొంత యనగా ఉయ్యాలలోని శిశువు క్రింద పరచునది, లేక మూడు నాలుగేండ్ల పిల్లకు కప్పునది. పెద్దబొంత కుట్టుట ఇద్దరు ముగ్గురు కూడి చేయవలసిన మోటుపని. చిన్నబొంత ఒక్క ఇల్లాలు వంటపని ముగిసిన పిదప నాలుగైదు మధ్యాహ్నములలో ముగింపగల సన్నపని. దానికొక కాలము కలదు. ఆ కాలము శరత్తు.

సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. రాజుల వరుసలు గాక జనుల కట్టుబొట్టులు, ఆటపాటలు, తిండితీరులు చరిత్రకు విషయములు కాదగునని ఆ గ్రంథము నిరూపించినది. ఆయనకు ముఖ్యాధారములు కావ్యములు. మన కవులలో ఇంటిలోనికి తొంగిచూచినవారు లేకపోలేదు. వానకాలమున తడికట్టెలతో పొయ్యి రాజేయలేక ఇల్లాండ్రు పడు యాతనను రాయలవారు ఆముక్తమాల్యదలో విడువలేదు. అయినను కావ్యమునకు ఎక్కిన వస్తువులకంటె ఎక్కనివే ఎక్కువ. అట్టివానికి ఆధారము ఆ వస్తువు, దానిని చేసిన చేతుల జ్ఞాపకము, ఇంతే.

శరత్తే ఎందుకని అడుగవచ్చును. వేసవిలో బొంతను తలచువారుండరు. శ్రావణ భాద్రపదములలో ఉతికిన బట్ట దండెముమీద రెండుదినములున్నను తేమ విడువదు. తేమతో మడిచి కుట్టిన బొంతకు ముక్కవాసన పట్టును. అదిగాక ఆ నెలలలో ఆడవారు పొలములలో నుందురు. డెల్టాలో నాట్లు, ఆపై కలుపుతీతలు, మెట్టలో అంతరకృషి. ఆశ్వయుజము వచ్చుసరికి కలుపుపని ముగియును. వరి పొట్టకు వచ్చి, వెన్ను తీసి, పాలుపోసుకొనుచుండును. ఆ చేను ఇక నీటిని, ఎండను కోరునే గాని మనిషి చేతిని అంతగా కోరదు. కోతలకు ఇంకను నెలకుపైగా గడువుండును. సేద్యగాని ఇంటికి ఏడాదిలో దొరకు కొలదిపాటి తీరికలలో ఇది యొకటి. హస్త, చిత్త కార్తెల జల్లులు నడుమనడుమ పడినను, వాని మధ్య కాయు ఎండ తెల్లనిది, చురుకైనది. ఆ ఎండకు పాతచీర ఒక్కపూటలో గలగలలాడునట్లు ఆరును.

సెప్టెంబరు 23 ప్రాంతమున పగలు రాత్రి సమానములై, అటుపిమ్మట రాత్రి పెరుగును. తెల్లవారుజామున పారిజాతములు రాలి వాకిలి తెల్లబడును. తెలంగాణమున బతుకమ్మకు తంగేడు, గునుగుపూలు తెచ్చి అరుగులపై పోయుదురు. పూలు పేర్చుట ముగిసినంతనే అదే అరుగుపై బొంత పరచుదురు. గోదావరి, కృష్ణా సీమలలో ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది. దానికి ముందు ముంగిట ఉయ్యాల కట్టించుట, గోరింటాకు రుబ్బుట, చుక్క పొడువకముందే లేచి చద్దియన్నము తినుట పిల్లలకు పండుగ. రాయలసీమలో వేరుసెనగ పెరుకుటకు ముందే రెండు చెట్లు లాగి, పచ్చికాయలు ఉప్పువేసి ఉడికించుట మొదలగును. కొండవాలు ఊళ్ళలో సీతాఫలముల గంపలు దిగును. కాయ పండువరకు గడ్డిలో పొదిగి, రోజుకొకసారి ఒత్తి చూచుట ఈ కాలపు ఇంటిముచ్చట. బొంత కుట్టుచున్న తల్లి ప్రక్కన పిల్లలు సీతాఫలపు గింజలు ఉమ్మి కుప్పపెట్టుచుందురు. పండు తిన్న చేతితో గుడ్డ ముట్టుకొనవద్దని తల్లి కసరుచుండును. ఈ చిన్నచిన్న సుఖముల నడుమనే బొంతపని సాగును. దీనిని వట్టి దారిద్ర్యపు పనిగా వర్ణించువారు ఆ మధ్యాహ్నములను ఎరుగరని నా అభిప్రాయము.

ఇక పనితీరు. మొదట బట్టల ఏరివేత. కొత్తగుడ్డ బొంతకు పనికిరాదు. గంజి పూర్తిగా వదలి, పోగు మెత్తబడి, ముప్పది నలుబదిసార్లు రేవున దెబ్బలు తిన్న నూలుగుడ్డ కావలయును. పలుచోట్ల పుట్టిన శిశువును మొట్టమొదట పెద్దల పాతబట్టలోనే పొత్తిళ్ళుగా చుట్టు ఆచారమున్నది. ఆయుష్మంతులైన పెద్దల బట్ట శుభమని వారు చెప్పుదురు. లేతచర్మమునకు ఒరయని మెత్తదనము దానికుండుట మనకు కనబడు కారణము. రెండును ఒక్క బట్టలోనే యుండగా వాదులాడుట అనవసరము.

చీర అంతటను ఒక్కతీరుగా చినుగదు. కూర్చుండుచోట, కుచ్చిళ్ళు నేలకు రాయుచోట ముందుగా పలుచబడును. అంచులు గట్టిగా నిలుచును. కావున అంచులను ముందు చింపి వేరుగా చుట్టిపెట్టుదురు. బొంత నాలుగువైపుల మడిచి కుట్టుటకు అవియే పట్టీలు. ఉన్నవానిలో మంచిచీర పైపొరకు, పంచెలు, కండువాలు లోపొరలకు పోవును. ఒక పొరలోని చిరుగుపై మరియొక పొర చిరుగు పడకుండ పరచుటలోనే సగము నేర్పున్నది. నేలపై చాప, చాపపై పొరలు. ముడుతలు అరచేతితో నడుమనుండి బయటికి తోసి, నాలుగు మూలలను ఇటుకలో, సన్నికల్లు పొత్రమో పెట్టి బిగింతురు. అటుపై పెద్దపెద్ద కచ్చాకుట్లు వేసి పొరలను కదలకుండ చేసి, అప్పుడు అసలు కుట్టు మొదలుపెట్టుదురు.

ఆ కుట్టునకు గొప్ప పేరేమియు లేదు. సూది క్రిందికి పోయి పైకి వచ్చును, అంతే. కొందరు ఒక అంచునుండి ఎదుటి అంచునకు నాగటిచాళ్ళవలె సాగుదురు. కొందరు అంచు వెంబడి చుట్టు తిరుగుచు నడుమకు వచ్చి ముగింతురు. రెండవపద్ధతి కంటికింపుగా నుండును గాని, చేయి తిరుగనివారు కుట్టినచో నడుమ గుడ్డ ఉబ్బి బుడిపె కట్టును. చంటిబిడ్డ బొంతకు చాళ్ళపద్ధతియే మేలు. దారము కొనుటయు పూర్వము తక్కువ. చీర చింపునప్పుడు ఊడివచ్చిన పోగులను మూడు నాలుగు కలిపి తొడమీద పురిపెట్టి వాడుకొనెడివారు. చిన్నబొంతలో చూడవలసినది ముడి. దారపు ముడి పైకి తేలినచో బిడ్డ వీపునకు గ్రుచ్చుకొనును. ముడిని పొరల నడుమకు లాగి దాచినదే పనితనము తెలిసిన చేయి.

లెక్కకు చూతము. అయిదున్నర మీటర్ల చీరను పొడుగున ఆరు మడతలు పెట్టినచో ఒక్కొక్క మడత సుమారు 92 సెంటీమీటర్లు. వెడల్పు సుమారు 115 సెంటీమీటర్లు. అనగా ఒక్క చీరనుండియే ఆరు పొరల చిన్నబొంత వచ్చును. మూడేసి సెంటీమీటర్ల ఎడముతో చాళ్ళు వేసినచో ముప్పది చాళ్ళు, మొత్తము దాదాపు 35 మీటర్ల కుట్టు. ఒకటిన్నర సెంటీమీటరునకు ఒక కుట్టు చొప్పున రెండువేల మూడువందలసార్లు సూది గుడ్డలో మునిగి తేలవలయును. ఆరు పొరలలో సూది దూర్చుట అరచేతికి శ్రమ. దబ్బనము వాడినచో పెద్దతూట్లు పడును. సన్నసూది వాడినచో విరుగును. నడితరపు సూదిని తలవెండ్రుకలలో ఒకసారి రాచి, ఆ జిడ్డుతో గుడ్డలో దూర్చు అలవాటు మన ఆడవారిది.

పొరలే వెచ్చదనమునకు మూలము. గుడ్డ తానుగా వేడిని పుట్టింపదు. పొరకు పొరకు నడుమ కదలక నిలిచిన గాలి ఒంటివేడిని బయటికి పోనీయదు. ఈ ఎరుక ఎంత ప్రాచీనమైనదో బౌద్ధుల వినయపిటకములోని మహావర్గమున చూడవచ్చును. భిక్షువులకు ఎన్ని వస్త్రములుండవలెనో నిర్ణయించుటకై బుద్ధుడు గడ్డుచలికాలపు రాత్రి ఆరుబయట ఒక్క వస్త్రముతో కూర్చుండెనట. మొదటిజాము గడచినంతనే చలివేయగా రెండవది, నడిజాము గడచినంతనే మూడవది, కడజాము గడచినంతనే నాలుగవది కప్పుకొనెనట. ఆపై రెండుపొరల సంఘాటి యొకటి, ఒంటిపొర వస్త్రములు రెండు చాలునని విధించెను. లెక్కించి చూచినచో నాలుగు పొరలే. ఆ గ్రంథముననే మరియొక కథ కలదు. మగధదేశపు వరిమడులను, వాని గట్లను చూపి, అట్టి ఏర్పాటుతో చీవరమును కుట్టగలవా యని బుద్ధుడు ఆనందుని అడిగెను. ఆనందుడు గుడ్డను ముక్కలుగా కోసి, మడులు గట్లు వచ్చునట్లు అతికెను. ముక్కలుచేసిన గుడ్డను దొంగలు ఆశింపరు, సన్న్యాసికి తగును. దుమ్ములో పారవేసిన పేలికలను ఏరి కుట్టుకొన్న చీవరమును పాంసుకూలమనిరి. భట్టిప్రోలు, అమరావతి, నాగార్జునకొండ ఆరామములలో శతాబ్దములపాటు వసించిన భిక్షువులకు ఈ నియమములు తెలియనివి కావు. కృష్ణాతీరమున అతుకులబట్టకు ఒకప్పుడు అంతటి గౌరవముండెను. తరువాతికాలమున ‘అతుకుల బొంత’ యనుమాట తిట్టుగా మారినది. పొంతనలేని గ్రంథమును, నిలకడలేని ప్రభుత్వమును ఆ మాటతో ఎత్తిపొడుతురు. నిజమునకు బొంతలోని అతుకులు పొంతనలేనివి కావు. అవి ఒక్క ఇంటివి.

భారతదేశమంతట దీని తోబుట్టువులున్నవి. వంగదేశమున కాంథా, బీహారున సుజని, సింధున రిల్లీ, మహారాష్ట్రమున గోధడి, కన్నడసీమలో కౌది. ఉత్తరకన్నడ జిల్లాలో స్థిరపడిన ఆఫ్రికా సంతతివారగు సిద్దీలు తమ బొంత నాలుగు మూలలను చిన్న త్రికోణపు ముక్కలతో ‘పూలు’ పెట్టక విడువరు. వీనిలో కాంథాకు దక్కిన అదృష్టము తక్కినవానికి దక్కలేదు. గురుసదయ్ దత్తు (1882–1941) ఐ.సి.ఎస్. ఉద్యోగియై యుండియు పల్లెలు తిరిగి కాంథాలను సేకరించెను. ఆ సేకరణతో కలకత్తా చెంత జోకాలో ఆయన పేర వస్తుసంగ్రహాలయము వెలసినది. కవి జసీముద్దీను 1929లో ఒక కాంథానే ఆధారముగ చేసికొని ‘నక్షీ కాంథార్ మాఠ్’ అను కావ్యమును వెలువరించెను. స్టెల్లా క్రామ్రిష్ పండితురాలు సేకరించిన కాంథాలు అమెరికాలో ఫిలడెల్ఫియా సంగ్రహాలయమునకు చేరినవి. మన బొంతకు అట్టి దత్తుగారు దొరకలేదు. కాంథాపై పూలు, ఏనుగులు, రథములు కుట్టిరి గనుక అది కంటబడినది. మన బొంతపై చాళ్ళు తప్ప మరేమియు లేకపోవుట ఒక కారణము కావచ్చును. చూడవచ్చిన వారు బొమ్మకొరకు వచ్చిరేగాని గుడ్డకొరకు రాలేదు.

అయితే తెలుగు గుడ్డకు, విదేశపు అతుకుల బొంతకు నడుమ ఒక సంబంధమున్నది. అది మన పాఠ్యపుస్తకములలో కానరాదు. 13వ శతాబ్ది చివర, రుద్రమదేవి రాజ్యకాలపు మోటుపల్లి సీమను గూర్చి చెప్పుచు మార్కోపోలో అచటి బట్ట సాలెగూటివలె నుండునని మెచ్చెను. 1605లో డచ్చివారు మచిలీపట్టణము చేరిరి. 1611లో ఆంగ్లేయుల ‘గ్లోబు’ ఓడ, ఐరోపావారు పెటపోలి యని పిలిచిన నిజాంపట్టణమున, పిదప మచిలీపట్టణమున లంగరు దించినది. వారికి కావలసినది మన అద్దకము. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డపై పటికతో గీసి, చిరివేరు కషాయములో ఉడికించినచో వచ్చు ఎరుపు ఉతికినకొలది తేటబడును. మచిలీపట్టణపు కోఠీకి పెద్దగా నుండిన విలియం మెథోల్డు వ్రాసిన గోలకొండ వృత్తాంతము 1626లో అచ్చయినది; అందును ఈ ఎరుపు వేరు ప్రసక్తి యున్నది. కోరమండల తీరపు పెద్ద అద్దకపు దుప్పట్లను వారు ‘పలంపోర్’ అనిరి. మంచపుకప్పు అను అర్థముగల ‘పలంగ్‌పోష్’ అను మాటయే అట్లు వంకరపోయినది. కంపెనీ తొలిదినముల సరకులలో దూదిపెట్టి కుట్టిన అద్దకపు బొంతలు కూడ కలవు.

ఈ గుడ్డ ఐరోపా మగ్గములను కలవరపెట్టినది. ఫ్రాన్సు 1686లో అద్దకపు గుడ్డను నిషేధించినది. 1759 వరకు ఆ నిషేధము నిలిచినది. ఇంగ్లండు 1700లో చేసిన చట్టము 1701 సెప్టెంబరు 29 నుండి, అనగా వారి శరత్కాలపు మొదటిరోజులలో, అమలునకు వచ్చినది. 1721లో ఇంకను కఠినమైన చట్టము వచ్చి 1774 వరకు సాగినది. నిషిద్ధమైన వస్తువుపై మక్కువ పెరుగుట లోకసహజము. చినిగిన అద్దకపు గౌనులోని మంచిభాగమును, కర్టెను కత్తిరించగా మిగిలిన ముక్కను ఆంగ్లస్త్రీలు పారవేయక దాచి, ముక్కకు ముక్క అతికి పడకకప్పులు కుట్టిరి. ఇంగ్లండు ఉత్తరభాగమున లెవెన్సు హాలు అను భవనమునందు సుమారు 1708 నాటివని చెప్పుకొనుచు వచ్చిన అతుకుల పడకతెరలు భారతీయపు అద్దకపు గుడ్డముక్కలతో కుట్టినవే. ఆ దేశపు అతుకుపని నమూనాలలో మిక్కిలి పాతవాటిగా వానిని లెక్కింతురు. తరువాత మరియొక పద్ధతి వచ్చినది. అద్దకపు గుడ్డలోని పూవును, పక్షిని కత్తిరించి తెల్లగుడ్డపై చెదరుగా అతికి కుట్టుట. దానికి ‘పారసీక కుట్టుపూలు’ అను అర్థము వచ్చు ఫ్రెంచి పేరు పెట్టిరి. పూవు పారసీకము కాదు, కుట్టినదియు కాదు. ఈ పద్ధతియే అమెరికాకు పోయి, 18వ శతాబ్ది చివర, 19వ శతాబ్ది మొదట మేరీలాండు, వర్జీనియా, దక్షిణ కరొలైనా ప్రాంతపు ఇండ్లలో గొప్ప బొంతలకు మూలమైనది. అప్పటికి ఆంగ్లేయులే అద్దకము నేర్చియుండిరి గనుక అందలి గుడ్డ యంతయు మనదేయనుట సాహసము. పూలతీగల పోకడ మాత్రము మన తీరమును మరువనీయదు.

ఇప్పుడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు సంగ్రహాలయమునను, నెదర్లాండ్సులో లేవార్డెనులోని ఫ్రీస్ సంగ్రహాలయమునను కోరమండలపు అద్దకములు గాజుబీరువాలలో నున్నవి. అవి నిలుచుటకు కారణము, వానిని కొన్నవారు వానిని అపురూపముగా చూచుకొనుట. మన ఇండ్లలో గుడ్డ ఆ విధముగా బ్రతుకదు. కట్టుబట్ట చినిగిన పిదప బొంత యగును, బొంత చినిగిన పిదప మసిగుడ్డ యగును, పంచెముక్క దీపపు వత్తి యగును, కడపటి పేలిక పొయ్యిలోనికి పోవును. నేసిన ఊరిలో పోగు మిగులలేదు. ఏడుసముద్రముల ఆవల మిగిలినది. దీనికి పరదేశీయులను నిందింప బనిలేదు. గుడ్డను కడవరకు వాడుకొనుటయు ఒక మర్యాదయే. కాని ఆ మర్యాద వలన మన చేతిలో ఆధారము లేకుండ పోయినది.

1813లో కంపెనీ గుత్తవర్తకము తొలగిన పిదప సీమ మిల్లుగుడ్డ మన సంతలలో నిండినది. ఓడలకెక్కిన అద్దకము తగ్గి, మగ్గములు మూలబడినవి. ఆ తరపు బొంతలు దొరకినచో ఏ పొర మనది, ఏ పొర సీమది యని వేరుచేసి చూపవచ్చును. ఆర్థికచరిత్రకు అంతకంటె స్పష్టమైన పటము ఉండదు. అవి దొరకవు. రెండవ ప్రపంచయుద్ధకాలమున గుడ్డకు కరవు వచ్చి 1943లో నూలుగుడ్డ నియంత్రణపుటుత్తరువు వెలువడినది. కొత్తచీర కొనుట కష్టమైన ఆ దినములలో, బొంతలోని మంచిపొరను విప్పి మరల కట్టుకొన్నవారిని గూర్చి పెద్దలు చెప్పుచుండెడివారు. బొంత అవసరమునకు అక్కరకు వచ్చు నిలువ కూడ నన్నమాట.

ఊరూరు తిరిగి బొంతలు కుట్టిపెట్టి బ్రతుకు సంచారకుటుంబముల స్త్రీలను మరువరాదు. పంటకోతల తరువాత వారు వచ్చి, ఊరిబయట గుడారములు వేసికొని, ఇంటింటి పాతబట్టలు తీసికొని, పెద్దబొంతలు కుట్టియిచ్చి, గింజలో డబ్బులో పుచ్చుకొని పోవుదురు. వారి కుట్టు గట్టిది, దారము మోటు, చాళ్ళు గీత గీసినట్లుండును. ఇంటి ఇల్లాలు కుట్టిన చిన్నబొంతకు ఆ గట్టితనము లేకున్నను, అందలి ప్రతి ముక్కకు చిరునామా యుండును. మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని అమ్మమ్మ చెప్పుమాటలు ఈ తీరున నుండును: “ఇదుగో అమ్మాయీ, ఈ నీలపుముక్క మీ పెద్దమ్మ అట్లతద్దికి కట్టుకున్న పరికిణీ. ఈ ఎర్రంచు నా పెళ్ళిచీరది. ఈ తెల్లగుడ్డ మీ తాతయ్య పంచె, ఎంత ఉతికినా ఆ సిరామరక పోలేదు.” ఆ సిరామరక ఏ కాగితము వ్రాయునప్పుడు పడినదో అమ్మమ్మకు తెలియును. అమ్మమ్మ పోయిన మరునాడు అది మరక మాత్రమే.

గత నలుబది యేబది యేండ్లలో ఈ పని తగ్గిపోవుటకు సోమరితనము కారణము కాదు. పాలియెస్టరు చీర ఇంటికి వచ్చినది. అది చినుగదు, చినుగనిది బొంతకు రాదు. ఒకవేళ మడిచి కుట్టినను పొర పొరపై జారును, బిడ్డ తడిపినచో తేమను పీల్చుకొనదు. సంతలో చవుకగా దుప్పటి, పరుపు దొరకుచున్నవి. కుట్టుమిషనుపై కుట్టిన బొంతలును కలవు. అవి చూపునకు తీరుగా నున్నవి, కొంచెము బిరుసు. పట్టణములలో చేతికుట్టు బొంతలకు మంచివెల పలుకుచుండుటయు మనము వినుచునే యున్నాము. వెలకు కుట్టిన బొంత మంచిదే, కుట్టినవారికి కూడు పెట్టును. అయితే దానిలోని ముక్కలు ఎవరివో కొన్నవారికి తెలియదు, కుట్టినవారికిని తెలియదు.

ఇంకను మన ఊరి పెట్టెలలో, అటకలపై, మంచముల క్రింద పాతబొంతలు కొన్నియైన నుండవలయును. వానిని గ్రంథాలయమునకు ఇచ్చివేయుడని నేను కోరుట లేదు. వాడుకొనుట మానుడనియు కోరుట లేదు. గ్రంథాలయమున ప్రతి పుస్తకమునకు చేర్పుపట్టికలో ఒక వరుస యున్నట్లే, బొంతలకొక పుస్తకము తెరువవచ్చును. కుట్టినవారి పేరు, కుట్టిన సంవత్సరము, ఏ బిడ్డకొరకు కుట్టిరి, ఏయే బట్టలు అందులో చేరినవి, పొరలెన్ని, చాళ్ళెన్ని, ఏ ఊరి నేత – ఈ ఏడు గడులు చాలును. వీలైనచో రెండువైపుల ఫొటోలు. చెప్పగల పెద్దలు కొద్దిమందియే యున్నారు గనుక, ఆశ్వయుజము వరకు ఆగక, వారి ఇండ్లకు మన యువకులు, ముఖ్యముగా బడికి పోవు ఆడపిల్లలు, పలకరించుటకు పోయినప్పుడే అడిగి వ్రాసికొనుట మేలు.

బొంతను విప్పి చూడవలసివచ్చినచో అంచుపట్టీని కత్తెరతో గాక సూదిమొనతో కుట్టు కుట్టుగా తీయవలయును. నాలుగు వ్రేళ్ళ మేర విప్పినచో లోపొరలు కనబడును. చూచిన పిదప పాతతూట్లలోనే మరల కుట్టుడు. మడతపెట్టి దాచునప్పుడు ఏటేట మడత మార్చనిచో ఆ గీత వెంబడి పోగు తెగును. ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి నడుమ నుంచుడు, ఆకు నేరుగా తగిలినచో మరకపడును. ఆశ్వయుజపు ఎండలో ఏటికొక పూట తిరగవేయుడు.